ముప్పైరెండు బిట్ల కాంటా

బోధన్ నుంచి రుద్రూర్ వెళ్లే రోడ్డు మీద మాకు ఒక లారీ కాంటా ఉంది. చెరుకు ట్రాక్టర్, వడ్ల లారీ, పసుపు బస్తాల డీసీఎం, ఏది వచ్చినా నేలలో దించిన ఇనుప పళ్లెం మీద ఆగుతుంది. పక్కనున్న చిన్న గదిలో కంప్యూటర్ తెర మీద బరువు కనిపిస్తుంది, చీటీ అచ్చయి వస్తుంది. ఆ గదిలో కూర్చుని చీటీలు ఇచ్చే మనిషిని నేను.

మా తాత మూడు ఊళ్లకు దొర. ఆ దొరతనం ఎవరెవరి వెన్నుల మీద నిలబడిందో నాకు తెలుసు కాబట్టి దాని గురించి గొప్పలు చెప్పను. భూమి కొంత సీలింగ్‌లో పోయింది, కొంత దాయాదుల తగాదాల్లో పోయింది, మిగిలింది మా నాన్న దర్జాలో పోయింది. నా చేతికి వచ్చేసరికి కాంటా ఒక్కటే ఉంది. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు దాన్ని ఇప్పటికీ దొర కాంటా అనే అంటారు. ఇస్త్రీ చొక్కా వేసుకోకుండా నేను ఏ రోజూ ఆ గది తాళం తీయలేదు.

బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ మూతబడ్డాక మా వైపు చెరుకు దూరంలో ఉన్న ఒక ప్రైవేటు మిల్లుకు పోవడం మొదలైంది. అక్కడ ఎంత తూగిందని వాళ్లు చెబితే అంత. అందుకని రైతులు ఒక పద్ధతి పెట్టుకున్నారు. బండి పొలంలోంచి బయటపడగానే ముందు మా కాంటా ఎక్కుతుంది. ఆ చీటీ జేబులో పెట్టుకుని మిల్లుకు వెళ్తారు. అక్కడి బరువు మరీ తేడాగా వస్తే చీటీ తీసి చూపిస్తారు. మిల్లువాళ్లు మా చీటీని కాదనేవారు కాదు. రోజూ పొద్దున ఇరవై కిలోల ఇనుప తూకపురాళ్లు పది, పళ్లెం నాలుగు మూలలా మార్చి మార్చి పెట్టి, నాలుగు చోట్లా ఒకే అంకె వచ్చాకే మొదటి బండిని ఎక్కనిస్తానని వాళ్లకూ తెలుసు. మా ఇంటి మాటకు ఇంకా ఎక్కడైనా విలువ ఉందంటే ఆ చీటీలోనే ఉంది.

ఇబ్బంది అంతా కంప్యూటర్‌తో వచ్చింది. మాది ముప్పైరెండు బిట్ల పెట్టె. ఇప్పుడు తయారయ్యేవన్నీ అరవైనాలుగు బిట్లవి. వాటి కోసం చేసిన సిస్టమ్ మా దాంట్లో నడవదు, మా లాంటి వాటికి ఎవరో ఓపికగా వేరేగా తయారుచేసి ఇవ్వాలి. పెట్టె మార్చేద్దామంటే కాంటా తీగ వచ్చి కలిసే కార్డు ఆ పాత దాంట్లో తప్ప పట్టదు. కార్డు మార్చాలంటే బరువు చూపే మీటరు మార్చాలి. మీటరు మార్చాలంటే పళ్లెం లేపి కింద బరువు పసిగట్టే సెల్లులన్నీ తీసి కొత్తవి వేయాలి. అంత ఖర్చు నా వల్ల అయ్యే పని కాదు. ఈ ఒక్క వాక్యాన్ని బయటికి అనలేకపోవడం వల్లనే తర్వాత జరిగిందంతా జరిగింది.

ఆ పెట్టెలో లైనక్స్ అనే సిస్టమ్ వేసింది నిజామాబాద్ ఖలీల్‌వాడిలో కంప్యూటర్లు బాగుచేసే ఒక మెకానిక్. నాకంటే పదేళ్లు చిన్న. మెథడిస్టు కుటుంబం. ఆదివారాలు వాళ్ల చర్చిలో పాటల సాహిత్యం గోడ మీద చూపించే పని కూడా అతనిదే. ఒకసారి వైరస్ పట్టి మా చీటీల పని ఆగిపోతే బస్సెక్కి వచ్చి, పాత సిస్టమ్ తీసేసి లైనక్స్ వేస్తానన్నాడు.

“అది ఎవరిది?” అని అడిగాను.

“ఎవ్వలిది గాదు సార్. అందరిది. పైసలు గూడ లెవ్వు.”

“ఊరికే వచ్చేది మా ఇంట్లో తీసుకోం.”

“ఊరికె ఇచ్చెటోడు ఎదురుంగ నిలవడితె గద సార్ మొహమాటం. దీనికి ఇచ్చెటోడే లేడు. మీరు ఎవ్వలికి సలాం గొట్టే పని లేదు.”

ఆ మాటకు నేను లొంగిపోయాను. నిజంగానే లైనక్స్ ఏళ్ల తరబడి నన్ను ఏమీ అడగలేదు. దాన్ని తయారుచేసేవాళ్లు ఏ ఒక్క కంపెనీ జీతగాళ్లూ కారు, ఏ దేశాల్లోనో తీరిక వేళల్లో కూర్చుని పనిచేసేవాళ్లు. వాళ్లలో వాళ్లు రాసుకునే ఉత్తరాల జాబితా ఒకటి ఇంటర్నెట్‌లో అందరికీ తెరిచి ఉంటుంది. బండ్లు లేని వేళల్లో నేను అది చదివేవాణ్ని. ఒకరి తప్పు ఒకరు మొహం మీద చెప్పుకుంటూ, మళ్లీ మరునాడు కలిసి పనిచేసే ఆ మనుషులంటే నాకు గౌరవం కలిగింది. మా బంధువుల్లో అలాంటిది ఎప్పుడూ చూడలేదు.

రెండు సీజన్ల కింద మిల్లు నుంచి నోటీసు వచ్చింది. బయటి కాంటాల కాగితపు చీటీలు ఇక ఒప్పుకోరు. కాంటా తీగ ఏ కంప్యూటర్‌లోకి వెళ్తుందో అదే కంప్యూటర్ నుంచి బరువు నేరుగా మిల్లు వెబ్‌సైటు పేజీలోకి చేరాలి. మధ్యలో ఇంకో యంత్రం ఉండకూడదు. ఆ కంప్యూటర్‌లో ఉన్న సిస్టమ్‌కు భద్రతా సవరణలు ఇంకా అందుతూ ఉండాలి. వాళ్లు ఒప్పుకునే సిస్టముల పట్టిక ఒకటి కింద జతచేశారు. ఆ పట్టికలో ముప్పైరెండు బిట్ల పెట్టె మీద ఇంకా నడిచేది మేం వాడే లైనక్స్ ఒక్కటే.

మొదటి సీజన్ ఏ గొడవా లేకుండా గడిచింది. తర్వాత తెలిసింది, మా దగ్గరున్న లైనక్స్ విడుదలకు, అంటే ఆ వెర్షన్‌కు, సవరణలు దసరాకల్లా ఆగిపోతాయని. కొత్త విడుదల వానాకాలంలో రావచ్చంటున్నారు. చెరుకు కోత దీపావళి తర్వాత మొదలవుతుంది. కొత్తది మా పెట్టెకు కూడా వస్తే కాంటా బతుకుతుంది. రాకపోతే మా చీటీ ఉత్త కాగితం.

ఎండాకాలమంతా నేను పొద్దున రాళ్లు పెట్టి తూచడం అయిపోగానే ఆ జాబితా తెరిచి కూర్చునేవాణ్ని. వాళ్లు విడుదలకు ముందుగా తేదీ చెప్పరు. సిద్ధమైనప్పుడు సిద్ధమైందంటారు. ఇంకా సరిచేయాల్సిన తప్పులు ఎన్ని ఉన్నాయో మాత్రం రోజూ కనిపిస్తుంది. ఆ సంఖ్య తగ్గుతుంటే ఒకపక్క సంతోషం, ఒకపక్క భయం. ముప్పైరెండు బిట్ల సంగతి ఏం చేద్దామని అప్పటికే వాళ్లలో చర్చ మొదలైంది. పాతవాటిని చూసుకునే మనుషులు తగ్గిపోయారని ఒకరు, పేద దేశాల్లో ఇంకా వాడేవాళ్లు ఉంటారని ఒకరు. పేద దేశాలు అన్న మాట దగ్గర నేను ఆ రోజుకు జాబితా మూసేశాను.

నిజామాబాద్‌లో లైనక్స్ వాడేవాళ్లు కొందరు నెలకొక ఆదివారం వర్ని చౌరస్తా దగ్గర ఒక ట్యూషన్ సెంటర్ పై అంతస్తులో కలుస్తారు. మెకానిక్ నన్ను తీసుకెళ్లడం అలవాటు చేశాడు. పదీ పన్నెండు మంది. ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పే ఒక లెక్చరరమ్మ ఆ సమావేశాలు నడిపిస్తుంది. ఆ మే నెల సమావేశానికి మా వైపు మనిషి ఒకతను కొత్తగా వచ్చాడు. మా కాంటాకు కిలోమీటరు దూరంలో, మలుపు దగ్గర కొత్త కాంటా పెట్టిన యజమాని అల్లుడు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, సెలవుకు అత్తవారింటికి వచ్చాడు. ఆ యజమాని తాత మా తాత ఎడ్లబండి తోలేవాడు. ఆ సంగతి ఆ గదిలో ఇద్దరికే తెలుసు, అతనికీ నాకూ.

లెక్చరరమ్మ చివరలో ఒక కాగితం తీసింది.

“లైనక్స్ తయారుజేసెటోళ్లు ఒక సంగతి అడుగుతున్నరు. ముప్పైరెండు బిట్ల మిషన్లు ఇంక ఎవ్వలన్న వాడుతుండ్రా, ఏ పనికి వాడుతుండ్రు, రాసి పంపుమంటుండ్రు. ఈ నెలాఖరు దాక టైముంది. మన దిక్కుకెల్లి అందరిది కలిపి నేనే రాస్త. ఎవ్వలన్న ఉంటె చెయ్యెత్తుండ్రి.”

మెకానిక్ వెంటనే చెయ్యెత్తాడు. “మా చర్చిల పాటలు జూపెట్టే పెట్టె గదే మేడం.”

“అన్నా, దాన్ని మ్యూజియంల పెట్టుండ్రి,” అన్నారెవరో వెనక నుంచి.

“పెడత తమ్మీ. నువ్వు టికెట్ కొనుక్కొని రా, ఆ పైసలతోని చర్చికి సున్నమేపిస్త.”

అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు. నా చేతులు నా మోకాళ్ల మీద ఉన్నాయి. ఎత్తుదామనే అనుకున్నాను. కొంచెం ఆగి, నవ్వులు తగ్గాక ఎత్తుదామనుకున్నాను. ఈలోగా ముందు బెంచీలోంచి ఆ అల్లుడు వెనక్కి తిరిగాడు.

“మీ కాంటాల ఏముంది దొరా? గదే పాతదా?”

అతని గొంతులో ఎగతాళి ఉందని ఇవాళ ఖచ్చితంగా చెప్పలేను. ఆ రోజు ఉందనే అనిపించింది. “మా దగ్గర అంతా కొత్తదే. పోయినేడే మార్పించాను,” అన్నాను.

మెకానిక్ నా వైపు చూశాడు. ఆ పెట్టెలో పేరుకున్న దుమ్ము వారం కిందే దులిపి వెళ్లిన మనిషి. మళ్లీ లెక్చరరమ్మ వైపు తిరిగాడు. ఆమె చర్చి పేరు రాయబోతుంటే ఆపాడు. “రాయకుండ్రి మేడం. ఎవ్వలో ఒకాయన కొత్తది ఇప్పిస్త అన్నడు, వచ్చే నెల మారుస్తున్నం. ఉన్నదని రాస్తె అబద్ధమైతది.”

ఆమె కాగితం మీద ఏదో గీసి, “అయితె మన దిక్కు ఎవ్వలు లేనట్టే,” అంది.

బయట చౌరస్తాలో టీ తాగుతున్నప్పుడు మెకానిక్ అడిగాడు.

“గట్లెందుకన్నరు సార్?”

“మా ఇంటి సంగతులు బజార్లో పెట్టడం మాకు అలవాటు లేదు.”

“బజారెక్కడిది సార్, పదిమందిమి ఉంటిమి. సరే, అండ్ల చెప్పకుంటె చెప్పకపాయె. ఇంటికి వోయి మీరే ఒక మెయిల్ గొట్టుండ్రి. ఇంక పది రోజులున్నది.”

“ఆ జాబితా ఎవరైనా చదవొచ్చు. అతను కూడా చదువుతాడు.”

“మీ చొక్కా ఇస్త్రీ సూసినట్టు మీ మెయిల్ ఎవ్వలు సూడరు సార్,” అని గ్లాసు కింద పెట్టి నవ్వాడు. నేను నవ్వలేదు.

ఆ పది రోజుల్లో నేను రాయడానికి కూర్చోలేదని కాదు. మూడుసార్లు కూర్చున్నాను. మా తాతకు వచ్చిన అర్జీలు, మా నాన్న కలెక్టర్లకు రాసిన ఉత్తరాలు చిన్నప్పుడు చూసినవాణ్ని. ఇంగ్లీషులో మొదటి వాక్యం ఎలా ఉండాలో నాకు తెలుసు. అది రాసేవాణ్ని. రెండో వాక్యంలో పెట్టె వయసు రాయాలి, దేనికి వాడుతున్నానో రాయాలి, ఎందుకు మార్చలేనో రాయాలి. అక్కడ ఆగిపోయేవాణ్ని. ఒకసారి నాకు తెలిసిన ఒక పెద్దమనిషికి ఇలాంటి కాంటా ఉందని మొదలుపెట్టి చూశాను. రాసింది చదువుకుంటే నాకే మొహం చెల్లలేదు. చెరిపేశాను. నెలాఖరు ఒక బుధవారం పడింది. ఆ రోజు వడ్ల లారీలు ఎక్కువ వచ్చాయి. నాకు ఆ వంక సరిపోయింది.

ఆ తర్వాత చేయగలిగింది చూడటమే. జూన్‌లో సరిచేయాల్సిన తప్పుల సంఖ్య బాగా తగ్గింది. జూలైలో ముప్పైరెండు బిట్ల చర్చ ఆగిపోయింది. ఆగిపోవడం మంచిదో చెడ్డదో తెలియలేదు. మెకానిక్‌కు ఫోన్ చేసి అడిగేవాణ్ని.

“ఎట్లుంటది అంటవు?”

“దేవుడికెరుక సార్. ఉంచుతరేమో. ఇన్నేండ్లు ఉంచిండ్రు గద.”

“నేను ఒక్కడు చెబితే మారేదంటావా?”

“ఒక్కరితోని ఏమైతది సార్. నాకు దెల్వదు. ఎంతమంది ఒక్కరొక్కరు గిట్లనే ఊకున్నరో గది గూడ దెల్వదు.”

నన్ను ఓదార్చడానికే అన్నాడేమో. నాకు ఓదార్పు కాలేదు.

రాఖీ పున్నమి ముందు రోజుల్లో కొత్త కాంటా యజమాని నేరుగా మా గదికి వచ్చాడు. వాళ్ల తాతను మా ఇంట్లో అందరూ అరే అని పిలిచేవారు. నేను ఇతన్ని మీరు అంటాను. అది గౌరవమో, దూరం పెట్టడమో అతను ఎప్పుడూ అడగలేదు. కుర్చీ చూపించాను. కూర్చోలేదు, గుమ్మంలోనే నిలబడ్డాడు.

“దొరా, ఒక మాటంట. మనసుల వెట్టుకోవద్దు.”

“చెప్పండి.”

“మీ పెట్టె సంగతి నాకెరికే. దాయకుండ్రి. ఈ సీజన్ రెండు నెలలు మా కాంటా కాడ వచ్చి కూసోండ్రి. పని చేస్తందుకు మనుషులున్నరు. మీరు ఊకె కుర్సీల ఉండుండ్రి. మిమ్మల్ని జూస్తె జనం నమ్ముతరు. మా కాంటా మీద ఇంకా నమ్మకం కుదురుత లేదు, మీకు తెల్వందేమున్నది.”

“మా కాంటా సీజన్‌కు తెరిచే ఉంటుంది.”

“ఉంటె మంచిదే. నాకేం. లేకుంటె అంటున్న.” తలకు చుట్టిన తువ్వాలు విప్పి మొహం తుడుచుకున్నాడు. “మీ తాత మా తాతను అరుగు కింద నిలవెడ్తుండె అంటరు. నేను మిమ్మల్ని కుర్సీల కూసోవెడ్త అంటున్న. అది గూడ తప్పేనా?”

“తప్పు కాదు,” అన్నాను. “నాకు వీలు కాదు.”

అతను తువ్వాలు మళ్లీ చుట్టుకుని, “సరే దొరా,” అని వెళ్లిపోయాడు. కోపం తెచ్చుకుని ఉంటే నాకు తేలికగా ఉండేది. ఆ పిలుపులో సాయం ఉంది, ఒక పాత బాకీ తీర్చుకునే తృప్తి కూడా ఉంది. రెంటినీ విడదీయడం నా చేత కాలేదు.

విడుదల ఆ నెలలోనే వచ్చింది. పొద్దున ఏడు గంటలకు గది తెరిచి చూస్తే జాబితాలో అభినందనలు వరసగా పడి ఉన్నాయి. ఏళ్ల శ్రమ ముగిసిందని ఒకరికొకరు రాసుకుంటున్నారు. వాటి కింద విడుదల వివరాలు. అందులో చాలా దూరం చదివాక మా సంగతి మూడు వాక్యాల్లో ఉంది. ముప్పైరెండు బిట్ల కంప్యూటర్లకు ఇకపై సిస్టమ్ రాదు. వాటిని చూసుకునేవాళ్లు లేరు. వాడుతున్నట్టు తెలియజేసినవాళ్లు కూడా బహు తక్కువ.

నేను బయటికి వచ్చి రాళ్లు పెట్టి తూచాను. నాలుగు మూలలా అంకె సరిగ్గానే వచ్చింది.

అయినా మెకానిక్ రెండు రోజులకు పెన్‌డ్రైవ్‌లో కొత్త విడుదల పట్టుకుని వచ్చాడు. పెట్టె ఆన్ చేసి చూశాడు. నల్ల తెర మీద ఒక తెల్ల వాక్యం వచ్చింది. దీనికి అరవైనాలుగు బిట్ల ప్రాసెసర్ కావాలి, ఇక్కడ ఉన్నది అది కాదు అని దాని అర్థం. ఇంకోసారి చేశాడు. అదే వాక్యం. మూడోసారి చేయబోతుంటే వద్దన్నాను.

“జర సూడనీయుండ్రి సార్.”

“అది చెప్పేది ఒకటే కదా. ఎన్నిసార్లు చెప్పించుకుంటాం?”

“లైనక్స్‌ల వేరే రకాలు గూడ ఉన్నయి సార్. పాతవాటి మీద నడిచేటివి. ఏసిస్త.”

“మిల్లు పట్టికలో ఉన్నాయా?”

అతను పెన్‌డ్రైవ్ తీసి జేబులో వేసుకున్నాడు. ఆ రోజు బస్సుకు ఇంకా టైమున్నా కూర్చోలేదు. గుమ్మం దాటుతూ మాత్రం, “నేనన్న చెప్పకపోతిని సార్ ఆ రోజు,” అన్నాడు. అతనికి ఆ బరువు ఎందుకు ఉండాలి? అది నాది. ఆ మాటే అతనితో అనాల్సింది. అనలేదు.

అప్పుడు రాశాను ఉత్తరం. ఈసారి రెండో వాక్యం దగ్గర ఆగలేదు. పెట్టె వయసు రాశాను, కార్డు సంగతి రాశాను, పళ్లెం తవ్వించే స్థితిలో లేనని రాశాను. చెరుకు రైతులు మొదట మా దగ్గర ఎందుకు తూస్తారో రాశాను. పంపాక మా ఊరివాళ్లెవరైనా చదువుతారేమోనన్న భయం ఒక్కసారి కూడా కలగలేదు. ఎండాకాలంలో కలిగిన భయం అంత నిజమైనదైతే అప్పుడు ఎక్కడికి పోయిందో నాకు ఇప్పటికీ తెలియదు.

మూడో రోజు జవాబు వచ్చింది. ఎవరో, ఏ దేశమో తెలియదు. చాలా మర్యాదగా రాశాడు. మేం అడిగినప్పుడు ఇలాంటి ఉత్తరాల కోసమే ఎదురుచూశాం, చాలా కొద్దిగా వచ్చాయి అన్నాడు. మీ ఉత్తరం అప్పుడే వచ్చి ఉంటే నిర్ణయం మారేదని చెప్పలేను, మారేది కాదని కూడా చెప్పలేను అన్నాడు. మీ రైతులకు మంచి జరగాలని కోరుకున్నాడు. నేను దానికి కృతజ్ఞతలు రాసి పంపాను. అంతకు మించి ఇద్దరం ఒకరికొకరం చేయగలిగింది లేదు.

దీపావళి తర్వాత కోత మొదలైంది. కొన్ని బండ్లు మా కాంటా ముందు వేగం తగ్గించి, నా వైపు చూసి, ముందుకు వెళ్లి మలుపు దగ్గర తూయించుకునేవి. నేను తప్పు పట్టలేదు. అయినా రోజూ గది తెరిచాను. రాళ్లు పెట్టి తూచాను.

రెండో వారంలో ఒక ముసలావిడ ట్రాక్టర్ వచ్చి మా పళ్లెం ఎక్కింది. రుద్రూర్ దగ్గర రెండెకరాల చెరుకు ఆమెది. భర్త పోయాక పదేళ్లుగా కోత తనే దగ్గరుండి చేయించుకుంటుంది. ఏటా మా దగ్గరే తూయించేది.

“అవ్వా, మా చీటీ ఈ ఏడు మిల్లులో చెల్లదు,” అన్నాను. “మలుపు దగ్గర తూయించుకో.”

“ఆడ తూస్తె నాకు నమ్మకం లేదు. నువ్వు తూసియ్యి.”

“చెల్లదంటున్నా కదా.”

“నీ చీటీ చెల్లని రోజు వచ్చిందా దొరా? తూసియ్యి, నేను మాట్లాడుకుంట.”

నేను గట్టిగా చెప్పి ఆ బండిని దించేయాల్సింది. నమ్మకం లేదన్న ఆ మాట నాకు తీపిగా తగిలింది. తూచి, చీటీ ఇచ్చి పంపాను.

మరునాడు మధ్యాహ్నం ఖాళీ ట్రాలీతో ఆమె తిరిగి వచ్చింది. చేతిలో రెండు చీటీలు. మిల్లు చీటీలో మూడు క్వింటాళ్లు తక్కువ ఉంది. బండి ఒక పగలంతా మిల్లు గేటు బయట ఎండలో నిలబడిందట. కోసిన చెరుకు ఎండకు కొంత ఆరుతుంది, అది నాకు తెలుసు. మూడు క్వింటాళ్లు ఆరదని కూడా తెలుసు.

“ఏది నిజం?” అని అడిగింది.

“మాదే.”

“అయితె నడువు. వచ్చి గదే మాట ఆళ్లకు జెప్పు.”

గది తాళం వేసి ట్రాక్టర్ మడ్‌గార్డు మీద ఒకవైపు నేను, రెండో వైపు ఆమె కూర్చుని మిల్లుకు వెళ్లాం. తూకం కిటికీ దగ్గర వరసలో నిలబడ్డాం. మా వంతు వచ్చాక కిటికీలోని గుమాస్తాకు రెండు చీటీలూ ఇచ్చాను. నేనెవరో, మా కాంటా ఎన్నేళ్లుగా ఉందో చెప్పాను. అతను లేచి నిలబడి, ఎవరితోనో కుర్చీ తెప్పించి కిటికీ పక్కన వేయించాడు.

“కూసోండ్రి సార్. మీ పెద్దోళ్ల పేరు మేం గూడ విన్నం. గని మిల్లు ఒప్పుకున్న కాంటాల పట్టికల మీది లేదు. పట్టికల లేని చీటీ నేను ముట్టుకున్నా నా కొలువు వోతది.”

“ఈమె చెరుకు ఎంత తూగిందో నేను కళ్లతో చూశాను.”

“అబద్ధమంటలేను సార్. లేదంటున్న అంతే.”

నా వెనక ట్రాక్టర్ల హారన్లు మొదలయ్యాయి. గుమాస్తా రెండు చీటీలూ మడిచి మర్యాదగా తిరిగి ఇచ్చాడు. కుర్చీలో నేను కూర్చోలేదు. అవ్వ మాత్రం కాసేపు దాని అంచున కూర్చుని, నీళ్లడిగి తాగి లేచింది.

తిరిగి వచ్చేటప్పుడు బోధన్ దాటాక ఇంజన్ చప్పుడు మీదుగా అడిగింది.

“గా పెట్టె ఇగ బాగుగాదా?”

“కాదు అవ్వా.”

“ఎవ్వల్నన్న అడగరాదు?”

అప్పటిదాకా ఆ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. ఆమెకు చెప్పాను. లైనక్స్ అంటే, బిట్లు అంటే ఆమెకు అక్కర్లేదు కాబట్టి అవి వదిలేశాను. పాత పెట్టెలు ఇంకా ఎవరి దగ్గర ఉన్నాయో చెప్పమని ఎండాకాలంలో అడిగారని, చెబితే మాకూ ఒక దారి చూపించేవాళ్లేమోనని, నేను మా దగ్గర కొత్తది ఉందన్నానని చెప్పాను.

“అడిగితె కొత్తది ఉన్నదంటివా?”

“అన్నాను.”

“ఎందుకు?”

“నలుగురిలో సిగ్గయింది.”

ఆమె నా వైపు తిరిగి చూసింది. నేను రోడ్డు చూస్తున్నాను.

“నీ సిగ్గుకు నా చెరుకు మూడు క్వింటాళ్లు వాయె గద దొరా,” అంది. తిట్టలేదు, కేకలు వేయలేదు. పొలంలో జరిగిన నష్టం చెప్పినట్టే చెప్పింది. “నాదొక్కదే గాదు. ఈ రోడ్డు పొంటి ఎందరియి వోతయో.”

ఇంకా ఐదారు కిలోమీటర్లు ఉంది. రెండు పక్కలా చెరుకు కోతలు జరుగుతున్నాయి. నిండిన ట్రాలీలు మాకు ఎదురొస్తున్నాయి, ఒకటి, తర్వాత ఇంకొకటి. ప్రతి డ్రైవరూ ఆమెను పలకరించి, నన్ను చూసి తల ఊపి దాటిపోయాడు. వాటిలో ఏదీ నేను తూచింది కాదు.

కాంటా దగ్గర డ్రైవర్ వేగం తగ్గించాడు.

“ఆపు బిడ్డా,” అంది అవ్వ అతనితో. తర్వాత నాతో, “దిగు దొరా, నీ కాంటా వచ్చింది.”

దిగాను. ట్రాక్టర్ రుద్రూర్ వైపు కదిలింది.